కాలేజీ ప్రేమ నవల సగంలో ఎందుకు తేలిపోతుంది? తప్పు ఎక్కడ వెతకాలి, ఎలా సరిచేయాలి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఒక కాలేజీ ప్రేమ నవల మొదటి వంద పేజీలు ఆపకుండా చదివించింది. భాష బాగుంది, జంట కూడా నచ్చింది. సగం దాటాక ఆసక్తి సడలిపోయి, చివరికి "ఇంతేనా" అనిపించింది. తప్పు ఎక్కడ జరిగింది? సమీక్షలో ఎలా చెప్పాలి? ఇలాంటి నవలే రాస్తున్నవాళ్లు ఏం చూసుకోవాలి?

మొదటి వంద పేజీలు బాగున్నాయన్న మాటలోనే సగం జవాబు ఉంది. ఈ రకం నవలల్లో మొదటి మూడోవంతు చెడిపోవడం అరుదు. అక్కడ కథను లాగేది ఆకర్షణ. ఇద్దరు కొత్తవాళ్లు ఎదురుపడటం, ఒకరినొకరు తప్పుగా అంచనా వేసుకోవడం, మాటకు మాట అప్పజెప్పుకోవడం. ఇవి బాగా రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, చదవడానికీ హాయిగా ఉంటాయి. ఆ తర్వాత కథను లాగాల్సింది అడ్డంకి. ఇద్దరికీ ఇష్టమేనని పాఠకుడికి తెలిసిపోయాక "మరి ఎందుకు కలవట్లేదు?" అన్న ప్రశ్న వస్తుంది. దానికి నవల దగ్గర గట్టి జవాబు ఉండాలి. నిరాశపరిచిన కాలేజీ ప్రేమ నవలల్లో ఎక్కువ భాగం ఈ జవాబు లేనివే. మిగతా లోపాలు చాలావరకు ఇందులోంచి పుట్టినవే.

అయితే ముందుగా ఒక విషయం తేల్చుకోండి. నవల విఫలమైందా, లేక అట్ట మీద చెప్పినది ఒకటి, లోపల ఉన్నది ఒకటా? రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా సంస్థ ఇచ్చిన నిర్వచనంలో రొమాన్స్ నవలకు రెండే షరతులు: ప్రేమకథ కేంద్రంగా ఉండాలి, ముగింపు మనసుకు తృప్తినిచ్చి ఆశ కలిగించాలి. ఇద్దరూ విడిపోయి ముగిసే నవల గొప్ప నవల కావచ్చు, కానీ రొమాన్స్ అని అమ్మితే పాఠకుడికి కోపం రావడం న్యాయమే. అలాగే సుమారు 18 నుంచి 25 ఏళ్ల పాత్రల కథలకు "న్యూ అడల్ట్" అన్న పేరు 2009లో సెయింట్ మార్టిన్స్ ప్రెస్ పెట్టిన ఒక పోటీతో ప్రచారంలోకి వచ్చింది. ఆ పేరుతో వచ్చే పుస్తకంలో పాఠకుడు ప్రేమతోపాటు ఇంకొకటి కూడా వెతుకుతాడు: ఇంటివాళ్ల నీడ దాటి తన నిర్ణయాలు తాను తీసుకోవడం నేర్చుకునే మనిషి. ఆ రెండోది లేని నవలలో ప్రేమ ఎంత బాగున్నా ఏదో వెలితిగా ఉంటుంది. ఆ వెలితికి పేరు తెలియక చాలామంది "పాత్రలు కనెక్ట్ కాలేదు" అని రాసి వదిలేస్తారు.

ఇక అసలు పరీక్ష. పుస్తకంలో ఇద్దరూ విడిపోయే ఘట్టం తెరిచి ఒక్క ప్రశ్న వేయండి: వీళ్లిద్దరూ ఒక గదిలో కూర్చుని ఐదు నిమిషాలు నిజం మాట్లాడుకుంటే ఈ గొడవ తీరిపోతుందా? తీరిపోతుందంటే అది అడ్డంకి కాదు, ఉత్త ఆలస్యం. ఫోన్‌లో సగం చదివిన మెసేజ్, తలుపు వెనక నుంచి విన్న అరముక్క మాట, పాత ప్రియురాలు కావాలని పెట్టిన ఫొటో, అన్నీ ఈ కోవలోవే. అపార్థం వాడకూడదని కాదు. ఎదుటి మనిషి అడగకుండానే ఎందుకు నమ్మేశాడు, అడిగే ధైర్యం ఎందుకు లేకపోయింది అన్నదానికి పునాది ముందే పడి ఉండాలి. ఆమె ఏ విషయమూ నేరుగా అడగలేని మనిషి అయితే, ఆ అలవాటు ప్రేమతో సంబంధం లేని చోట కనీసం రెండుసార్లు కనబడాలి: తక్కువ వేసిన మార్కుల గురించి అధ్యాపకుణ్ని అడగలేకపోవడం, రూమ్మేట్ ఇవ్వాల్సిన అద్దె వాటా తానే కట్టేయడం. అప్పుడు ఐదు నిమిషాల మాట ఆమెకు నిజంగానే అసాధ్యమని పాఠకుడు ఒప్పుకుంటాడు. ఆ పునాది లేకపోతే, విడిపోవాల్సిన అధ్యాయం వచ్చింది కాబట్టి రచయిత విడగొట్టారని తెలిసిపోతుంది.

మంచి అడ్డంకికి గుర్తు ఏమిటంటే, నిజం మాట్లాడుకున్నకొద్దీ అది ఇంకా బిగుసుకుంటుంది. ఆమెకు వేరే దేశంలో పై చదువుకు సీటు వచ్చింది, అతను తమ్ముడి బాధ్యత వదిలి కదలలేడు. ఇద్దరూ ఎంత నిజాయితీగా మాట్లాడుకున్నా అది కరగదు. ఎవరో ఒకరు ఏదో ఒకటి వదులుకోవాలి, లేదా ఇద్దరూ కలిసి మూడో దారి కనిపెట్టాలి.

శత్రువులు ప్రేమికులయ్యే కథల్లో ఇదే లోపం ఇంకో రూపంలో వస్తుంది. మూడో పేజీలో మీద కాఫీ ఒలికింది, అందుకని నూట యాభై పేజీల వైరం. అంత చిన్న కారణం అంత బరువు మోయలేదు. ఇద్దరిలో ఒక్కరికే దక్కేది ఒకటి పెట్టండి: ఒకే స్కాలర్‌షిప్, ఒకే పరిశోధన అవకాశం, జట్టులో ఒకే స్థానం. పెట్టాక దాన్ని చివరిదాకా నిలబెట్టండి. ఈ పునాది వేసిన నవలలు కూడా తరచూ చివర్లో "రెండో స్కాలర్‌షిప్ మంజూరైంది" అంటూ తామే దాన్ని కూలగొట్టుకుంటాయి. ఆ ఒక్క వాక్యంతో అంతకుముందు జరిగిన పోటీ అంతా ఉత్తిదైపోతుంది. ఒకరికి దక్కింది, ఒకరికి పోయింది. పోయినవాళ్లు ఆ నష్టంతోనే ఎదుటివాళ్లను ఎలా ప్రేమించారో రాయాలి. రాయడం కష్టం, నిజమే, కానీ నవల ఉన్నది అక్కడే.

రెండో పరీక్ష కాలేజీ గురించి. కథలోంచి కాలేజీని తీసేసి అక్కడ ఆఫీసు పెట్టి చూడండి. క్లాస్‌రూమ్ బదులు మీటింగ్ రూమ్, క్యాంటీన్ బదులు క్యాంటీనే. పేర్లు తప్ప ఏమీ మారకపోతే కాలేజీ అక్కడ వెనక కట్టిన తెర మాత్రమే. పాఠకుడు "వాతావరణం పట్టుబడలేదు" అనేది దీన్నే. చెట్ల కింద బెంచీలు, లైబ్రరీ దుమ్ము ఎంత వర్ణించినా ఈ లోటు తీరదు.

కాలేజీకి మాత్రమే ఉన్న ఒత్తిళ్లు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది ముగింపు తేదీ. ఇద్దరూ ఫలానా నెలలో అక్కణ్నుంచి వెళ్లిపోతారని మొదటి రోజే తెలుసు. ప్రేమకథకు ఇంతకన్నా మంచి గడియారం దొరకదు. అయినా చాలా నవలలు దాన్ని ముట్టుకోకుండా "మూడేళ్ల తర్వాత" అనే ఎపిలోగ్‌లోకి, అంటే కథ ముగిశాక జోడించే చివరి భాగంలోకి, దూకేస్తాయి. ఆ మూడేళ్లలో ఎవరు ఎవరి ఊరికి వెళ్లారు, ఎవరి ఉద్యోగం ముందు, దూరంగా ఉన్న నెలల్లో ఏం జరిగింది అన్నవన్నీ పాఠకుడు అడగాలనుకున్న ప్రశ్నలే. ఇంకో ఒత్తిడి, తప్పించుకోలేకపోవడం. విడిపోయిన మర్నాడు కూడా అదే ల్యాబ్‌లో అదే బల్ల దగ్గర నిలబడాలి, గ్రూప్ ప్రాజెక్ట్ ఇద్దరూ కలిసి సమర్పించాలి, స్నేహితులందరూ ఉమ్మడి. డబ్బు ఇంకొకటి: ఫీజు కడుతున్నవాళ్ల మాట కాదనడానికి ఒక ధర ఉంటుంది. వీటిలో రెండు గట్టిగా వాడుకున్నా చాలు, నవల ఇక ఆఫీసుకు మారదు.

దీన్ని కాగితం మీద చూడాలంటే సెమిస్టర్ క్యాలెండర్ గీయండి. 16 వారాలు, 16 వరుసలు, మూడు గడులు: ఆ వారం కాలేజీలో ఏం జరుగుతోంది, ప్రేమలో ఏం జరిగింది, దానివల్ల ఎవరు ఏం పోగొట్టుకున్నారు. మధ్య పరీక్షలు ఏడు ఎనిమిది వారాల దగ్గర, చివరి పరీక్షలు 15, 16 దగ్గర పెట్టుకుని, నవలలోని ఘట్టాలను ఆ వరుసల్లో సర్దండి. రెండు విషయాలు వెంటనే బయటపడతాయి. ఒకటి, ఫైనల్ ఇయర్ చదువుతున్న నాయిక పుస్తకం మొత్తంలో ఒక్కసారైనా చదువుకోలేదు. రెండు, మూడో గడి ఖాళీగా ఉంది. పరీక్షల వారంలో రెండు రోజులు ఊరెళ్లి తిరిగొచ్చినా మార్కులు తగ్గలేదు, స్నేహితురాలికి కోపం రాలేదు, ఉద్యోగం పోలేదు. ఖర్చు లేని ప్రేమను పాఠకుడు పెద్దగా పట్టించుకోడు. మూడో గడిలో వరుసగా నాలుగైదు వారాలు ఖాళీ ఉంటే సరిగ్గా అక్కడే మీకు నిద్ర వచ్చి ఉంటుంది.

ఇప్పుడు కొలతలు. ఉదాహరణకు 80,000 పదాల నవల తీసుకుందాం, అధ్యాయానికి 2,500 పదాల చొప్పున 32 అధ్యాయాలు. పావు భాగం ఎనిమిదో అధ్యాయం దగ్గర ముగుస్తుంది. అప్పటికి ఇద్దరూ ఒకరినుంచి ఒకరు తప్పుకోలేని పరిస్థితి ఏర్పడాలి. పదహారో అధ్యాయం దగ్గర సంబంధం స్వభావం మారాలి. నిరాశపరిచే నవలల్లో ఎక్కువగా కనిపించే కొలత తప్పు ఇదీ: విడిపోవడం 90 శాతం దగ్గర జరుగుతుంది. అంటే మిగిలింది 8,000 పదాలు, మూడు అధ్యాయాల చిల్లర. అందులో బాధపడాలి, తప్పు తెలుసుకోవాలి, క్షమాపణ చెప్పాలి, కలవాలి, ఎపిలోగ్ కూడా రావాలి. ఏదీ సరిగ్గా కుదరదు. విడిపోవడాన్ని 70 నుంచి 75 శాతం మధ్యకు జరిపితే దాదాపు 20,000 పదాలు, ఎనిమిది అధ్యాయాలు చేతిలో ఉంటాయి. ముందున్న భాగంలో ఆ మేరకు కోత పెట్టాలి. కోతకు మొదట దొరికేవి ఒకేలాంటి పార్టీ ఘట్టాలు. పార్టీ ఒకటి చాలు, మహా అయితే రెండు.

ఆ ఎనిమిది అధ్యాయాల్లో ఏం రాయాలన్నది క్షమాపణ మీద ఆధారపడి ఉంటుంది. అందరి ముందు మైకు పట్టుకుని ప్రేమ ప్రకటించడం, వర్షంలో హాస్టల్ కింద నిలబడటం... ఇవి చూడటానికి బాగుంటాయి కానీ జరిగిన గాయానికి మందు కావు. పైగా జనం ముందు అడిగితే కాదనడం కష్టం, ఆ ఒత్తిడి ఈనాటి పాఠకులకు ఇబ్బందిగా ఉంటుంది. పనిచేసే క్షమాపణలో మూడు ఉంటాయి: చేసిన పని ఏమిటో తన నోటితో చెప్పడం, దానివల్ల ఎదుటి మనిషికి ఏం నష్టం జరిగిందో తెలిసినట్టు చూపడం, మళ్లీ అలా జరగకుండా తనలో ఏం మార్చుకున్నాడో చేతల్లో కనబడటం. ఆమె రహస్యం అతను స్నేహితులకు చెప్పేసి ఉంటే, తర్వాతి అధ్యాయాల్లో ఒక రహస్యాన్ని, తనకు నష్టం వస్తున్నా సరే, కడుపులో దాచుకోవాలి. అది ఆమెకు ఆలస్యంగా, వేరే ఎవరి ద్వారానో తెలిస్తే ఇంకా మంచిది. క్షమాపణకూ క్షమించడానికీ మధ్య కొంత కాలం గడవాలి; ఒకే రాత్రిలో రెండూ జరిగితే ఆమె కోపానికి విలువ లేనట్టే.

అసూయ, కట్టడి చేయడం, ఆమె ఫోన్ చూడటం, ఆమెతో మాట్లాడిన అబ్బాయిని కొట్టడం వంటివి ప్రేమకు రుజువులుగా రాసిన నవలల గురించి మొహమాటపడకుండా చెప్పాలి. ఆ పాత్ర అలా ఉండొచ్చు. నవల ఆ ప్రవర్తనను మెచ్చుకుంటోందా లేదా అన్నదే ప్రశ్న. ఆమె అభ్యంతరం చెప్పిందా? చెప్పాక అతను మారాడా? రెండూ లేకపోతే సమీక్షలో రాయండి, చదవబోయేవాళ్లకు అది అవసరమైన సమాచారం. ఒకరి పేపర్లు ఇంకొకరు దిద్దే స్థానంలో ఉన్న జంట కథలకూ ఇదే వర్తిస్తుంది. చాలా విశ్వవిద్యాలయాల్లో మార్కులు వేసేవారికీ విద్యార్థికీ మధ్య అలాంటి సంబంధాన్ని నియమాలు నిషేధిస్తాయి. కథకు అది బలమైన అడ్డంకి, కానీ సగం నవలలు సెమిస్టర్ మారగానే మర్చిపోతాయి.

ఇద్దరి గొంతుల్లో "నేను" అంటూ నడిచే నవలల్లో మాత్రమే వచ్చే ఒక తప్పు ఉంది, దాన్ని చాలామంది సమీక్షకులు గమనించరు. నాయకుడికి ఒక గతం ఉంది, అది 60 శాతం దగ్గర బయటపడుతుంది. కానీ అప్పటిదాకా సగం అధ్యాయాలు అతని తలలోంచే చదివాం. రోజూ తనను తినేస్తున్న విషయం గురించి అతను మన ముందు ఒక్కసారి కూడా తలుచుకోకపోవడం, లేదా "ఆ రాత్రి" అంటూ ఊరించి వదిలేయడం పాఠకుణ్ని మోసం చేయడమే. సరిచేయడం తేలిక: ఆ రహస్యాన్ని పాఠకుడికి మొదటి పావులోనే చెప్పేయండి, నాయికకు చెప్పకండి. "ఆమెకు తెలిస్తే ఏమవుతుంది" అన్న భయం వాళ్లు కలిసిన ప్రతి ఘట్టంలోనూ పనిచేస్తుంది. అతను నోరు విప్పబోయి ఆగిన ప్రతిసారీ మనకు ఊపిరి బిగుస్తుంది. గొంతులు వేరుగా ఉన్నాయో లేదో చూడటానికి అధ్యాయం పైన పేరు మూసి ఒక పేజీ చదవండి. ఎవరో గుర్తుపట్టలేకపోతే, ఒక గదిలోకి అడుగుపెట్టగానే ఇద్దరిలో ఎవరి కన్ను దేని మీద పడుతుందో రచయిత నిర్ణయించుకోలేదని అర్థం. జరిగిన ఘట్టాన్నే రెండో గొంతులో మళ్లీ చెప్పడం కూడా ఇక్కడే దొరుకుతుంది. కొత్త సమాచారం లేని పునరుక్తిని నిర్దాక్షిణ్యంగా కొట్టేయొచ్చు.

మొదటి ముద్దు తర్వాత కథ చల్లబడితే దగ్గరితనం ఒకే మెట్ల వరుసలో ఎక్కుతోందని గ్రహించాలి. శరీరాలు దగ్గరవడం ఒక వరుస. ఎవరికీ చెప్పనివి చెప్పుకోవడం రెండోది. అవసరంలో ఆధారపడటం మూడోది. ఇద్దరూ కలిసి కనిపించే ఘట్టాలన్నీ రాసి, ఒక్కొక్కటి ఏ వరుసలో మెట్టు ఎక్కించిందో గుర్తు పెట్టండి. మొదటి వరుస ఒక్కటే కదిలితే, అది పూర్తయిన రోజున నవల కూడా పూర్తయిపోతుంది, మిగతా నూట యాభై పేజీలు ఊరికే ఉంటాయి. ఏ వరుసా కదలని ఘట్టాలు రెండు పక్కపక్కనే వస్తే ఒకటి తీసేయాలి.

స్నేహితుల పాత్రల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. "ఏమైంది, అలా ఉన్నావ్?" అని అడగడానికి మాత్రమే ఉన్న రూమ్మేట్‌కు తన సొంత ఇబ్బంది ఒకటి ఇచ్చి, అది ఒక్కసారైనా నాయిక అవసరానికి అడ్డు తగిలేలా చేస్తే సరిపోతుంది. సిరీస్‌లోని తర్వాతి పుస్తకంలో జంట కాబోతున్నారని కన్ను గీటే పాత్రలు మాత్రం ఈ పుస్తకం స్థలాన్ని తినేస్తాయి.

ఇంటర్నెట్‌లో సీరియల్‌గా వచ్చి తర్వాత పుస్తకమైన నవలలను వేరే చూపుతో చదవాలి. వారం వారం చదివేవాళ్ల కోసం అధ్యాయం మొదట్లో జరిగినదాన్ని గుర్తు చేస్తారు, చివర్లో ఒక మెలిక పెడతారు. ఒకేసారి చదివినప్పుడు ఆ గుర్తుచేయడాలు చాదస్తంగా, ఆ మెలికలు తర్వాతి పేజీలోనే విడిపోయే ఉత్తి ఉలికిపాట్లుగా అనిపిస్తాయి. ఇది రచయిత అసమర్థత కాదు, ఎడిటింగ్ లోపం. సమీక్షలో అలాగే చెప్పడం న్యాయం.

సమీక్ష 300 నుంచి 500 పదాల్లో ముగించండి. కథ నాలుగు వాక్యాలకు మించకూడదు, సగం తర్వాత జరిగేది చెప్పకూడదు. "బోర్ కొట్టింది" అనే బదులు "సుమారు 55 శాతం దగ్గర ఇద్దరూ ఒప్పుకున్నాక, విడిపోయేదాకా వాళ్లకు ఎదురు నిలిచేది ఏదీ లేదు" అని రాస్తే చదివేవాళ్లకూ రాసినవాళ్లకూ పనికొస్తుంది. మీకు నచ్చిన ఆ మొదటి వంద పేజీల గురించి కూడా అంతే స్పష్టంగా రాయండి. ఏ ఘట్టం, ఎందుకు. రచయిత వయసు, జీవితం, ఉద్దేశం జోలికి వెళ్లొద్దు.

రాస్తున్నవాళ్లు సరిదిద్దే వరుస తప్పొద్దు. అడ్డంకి, క్యాలెండర్, విడిపోయే చోటు, క్షమాపణ, ఆ తర్వాతే వాక్యాలు. చివరి దశలో ఫైల్‌లో "గుండె", "కళ్లు", "ఊపిరి", "పెదవి" అని వెతికి చూడండి. వాళ్లు కలిసిన ప్రతిసారీ గుండె వేగం పెరుగుతుంటే సగం తీసేసి, ఆ చోట వాళ్లు చేసే ఒక చిన్న పని పెట్టండి. ఆ తర్వాత డ్రాఫ్ట్‌ను ఈ రకం నవలలు చదివే ఇద్దరికి విడివిడిగా ఇవ్వండి. నచ్చిందా అని అడగొద్దు, పక్కన పెట్టిన ప్రతిసారీ పేజీ నంబరు రాసుకోమనండి. ఇద్దరూ ఒకే అధ్యాయం దగ్గర ఆపితే తప్పు సాధారణంగా ఆ అధ్యాయంలో ఉండదు, అంతకు రెండు మూడు అధ్యాయాల ముందు ఉంటుంది. మళ్లీ చదవడం అక్కణ్నుంచి మొదలుపెట్టండి.